మనసు మరలిన రాత్రి

పెన్నానది సముద్రమును చేరుటకు కొంత ముందు నెల్లూరును ఒరసికొని ప్రవహించును. 13వ శతాబ్దమున ఈ నగరము మనుమసిద్ధికి రాజధాని. తిక్కన ఆ రాజునకు మంత్రి, కవి. రాజు ఆయనను "మామా" యని పిలుచుచుండెడివాడు. ఆ పిలుపు సార్థకమగునట్లు కావ్యకన్యను తనకిమ్మని చమత్కారముగా నడుగగా, తిక్కన నిర్వచనోత్తర రామాయణమును ఆయనకు అంకితమొసగెను. కవులు రాజులను ఆశ్రయించి జీవించు కాలమది. ఇందు వింత యేమియు లేదు.

వింత తరువాత జరిగినది. నన్నయ ఆరంభించిన భారతమును విరాటపర్వము మొదలుకొని తెనిగింపబూనినపుడు తిక్కన కొక కల వచ్చెను. తండ్రియైన కొమ్మన కలలో కనబడెను. పిమ్మట హరిహరనాథుడు ప్రత్యక్షమై, ఆ కావ్యమును తనకిమ్మని కోరెను. ఈ వృత్తాంతమును తిక్కనయే విరాటపర్వ పీఠికలో చెప్పుకొనెను. హరిహరనాథుడు కేవలము శివుడు కాడు, కేవలము విష్ణువును కాడు. ఇరువురు నొక్కటియైన మూర్తి. శైవవైష్ణవులు పరస్పరము ద్వేషించుకొనుచుండిన దినములలో ఒక మహాకవి అట్టి దైవమును ఎన్నుకొనుట సామాన్యమా?

ఇట్టి ఘట్టములు ఇటలీ సాహిత్యమున పెక్కు గలవు. అచ్చటివారు దీనిని "కన్వెర్సియోనె" యందురు. మరలుట యని దాని మూలార్థము. మతము మారుటయే కాదు, ఉన్న మతముననే యుండి మనసు మరల్చుకొనుటయు నదియే. తిక్కన జీవించిన శతాబ్దముననే, 1265లో, పుట్టిన దాంతే తన మహాకావ్యమును చీకటి యడవిలో దారి తప్పిన మనుష్యునితో మొదలిడెను. అయినను బాలురకు సులభముగా మనసునకెక్కునది మంజోని రచించిన నవల. అది 1827లో వెలువడెను.

అందొక క్రూరుడైన ప్రభువు గలడు. రచయిత ఆతనికి పేరైనను పెట్టలేదు. ఆతడు లూచియా యను పల్లెపడుచును చెరపట్టించి కోటకు రప్పించును. ఆమె మోకరిల్లి, దేవుని క్షమను గూర్చి ఒక మాట చెప్పి వేడుకొనును. ఆ రాత్రి ఆతనికి నిదురపట్టదు. చేసిన దుష్కార్యములు ఒక్కొక్కటిగా కనులయెదుట నిలుచును. తెల్లవారుసరికి లోయలో గంటలు మ్రోగును. జనులు పండుగబట్టలు కట్టుకొని, ఆ యూరికి వచ్చిన మతగురువు బొర్రొమెయోను చూడబోవుచుందురు. ఆతడును పోవును. గురువు చేతులు చాచి కౌగిలించుకొనగా, ఎన్నడు నేడువని యా కఠినుడు వలవల యేడ్చును.

మంజోని నేర్పు అటుతరువాత కనబడును. కన్నీటితో కథను ముగింపక, ఆ ప్రభువుచేత వెంటనే లూచియాను విడిపింపజేసెను. విడిపింపకున్నచో ఆ యేడ్పును ఎవరు నమ్ముదురు?

తిక్కన పాపాత్ముడు కాడు. ఆయన విడువవలసిన చెర యేదియు లేదు. ఆయన మరలినది రాజునుండి దేవునివైపునకు మాత్రమే. కాని కల చెదరగానే ఆ మాట మరచిపోలేదు. ఆశ్వాసారంభములందు హరిహరనాథుని సంబోధించుచు 15 పర్వములను సాంతముగా తెనిగించెను.