విండోస్ దొంగనిద్ర

ఒకే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఉబుంటు లినక్స్ రెండూ పెట్టుకున్నవాళ్లు ఫొటోలు, సినిమాలు, ప్రాజెక్టు ఫైళ్లు సాధారణంగా డి డ్రైవ్‌లో ఉంచి రెండువైపుల నుంచీ వాడుకుంటారు. సాఫీగా సాగుతుండగా ఒకరోజు చిక్కొచ్చి పడుతుంది. ఉబుంటులో డ్రైవ్ తెరుచుకుంటుంది, ఫొటోలూ కనిపిస్తాయి. కొత్త ఫైల్ సేవ్ చేయబోతే మాత్రం 'రీడ్ ఓన్లీ' అంటూ మొండికేస్తుంది. డిస్కు పోయిందేమోనని గుండె జారుతుంది.

చాలాసార్లు డిస్కు నిక్షేపంలా ఉంటుంది. నిద్ర నటిస్తున్నది విండోస్.

2012లో వచ్చిన విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ 'ఫాస్ట్ స్టార్టప్' తెచ్చింది. అప్పటి నుంచి షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ కెర్నెల్ తన మెమరీని ఒక ఫైల్‌లో దాచి పడుకుంటుంది. మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది కాబట్టి కంప్యూటర్ త్వరగా ఆన్ అవుతుంది. అయితే డ్రైవ్‌లో ఏది ఎక్కడుందన్న పాత లెక్కా దానితోపాటే లేస్తుంది. ఈలోగా లినక్స్ అదే డ్రైవ్‌లో ఏదైనా రాస్తే ఇద్దరి లెక్కలకూ పొంతన కుదరక ఫైళ్లు పాడవుతాయి. అందుకే లినక్స్ సాధారణంగా చదవనిస్తుంది, రాయనివ్వదు.

తమాషా ఏమిటంటే, 'రీస్టార్ట్' నొక్కితే విండోస్ పూర్తిగా ఆగుతుంది. ఒకరోజు పనిచేసిన డ్రైవ్ మరోరోజు మొరాయించడానికి తరచూ కారణం ఇదే.

శాశ్వత పరిష్కారం కంట్రోల్ ప్యానెల్‌లో ఉంది. పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగు తెరిచి 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' దగ్గర టిక్ తీసేసి, మళ్లీ షట్‌డౌన్ చేయాలి. అయినా మొరాయిస్తే విండోస్‌లోనే ఆ డ్రైవ్ ప్రాపర్టీస్‌కు వెళ్లి 'ఎర్రర్ చెకింగ్' నడపాలి. లినక్స్‌లోని 'ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్' చిన్నచిన్న లోపాలే సరిచేస్తుంది, దాన్ని పూర్తి మరమ్మతు అనుకోకూడదు. విండోస్ మెమరీ దాచుకున్న ఫైల్‌ను బలవంతంగా చెరిపేసే మార్గమూ ఉంది గానీ, హైబర్నేట్‌లో ఉంచిన పని సేవ్ కాకపోతే దానితోపాటే పోతుంది.

డ్రైవ్ అసలే తెరుచుకోకపోతే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్‌నూ అనుమానించాలి. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ తాళం తామే వేసుకుంటాయి. దాన్ని తీసే 48 అంకెల రికవరీ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే, డ్రైవ్‌కు తాళం పడిన రోజున కంగారుండదు.