పాఠంలోని మాట, నిఘంటువులోని మాట: ఒమాన్‌లో పెరిగే తెలుగు పిల్లల కోసం

మారిషస్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వచ్చిన తెలుగువారి సంతతికి చెందిన మాకు, భాష చేతిలోంచి ఎలా జారిపోతుందో బాగా తెలుసు. 19వ శతాబ్దంలో కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవుల నుంచి ఓడలెక్కిన మా పూర్వులు తెలుగే మాట్లాడారు. తరాలు గడిచేసరికి ఇంటి భాష క్రియోల్ అయింది. తెలుగు భజనలోను, ఉగాది పూజలోను, బడిలోని ఐచ్ఛిక పాఠంలోను మిగిలింది. పాట నోటికి వస్తుంది, అందులోని మాట అర్థం కాదు. కనుక తెలుగు పాఠం చదివే పిల్లలు తెలియని మాట దగ్గర ఆగిపోతే ఏం చేయాలన్నది మాకు పరాయి ప్రశ్న కాదు. ఈసారి ఒమాన్‌లోని పిల్లలను దృష్టిలో ఉంచుకొని రాస్తున్నాం.

తెలంగాణ పల్లెల్లో వలసను గురించి చెప్పుకొనే 'బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి' అన్న మాటలో మస్కట్ పేరు లేదు. అయినా జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి అక్కడికి వెళ్లినవారు తక్కువేమీ కాదు. మా పూర్వులు తోటల దేశంలోనే స్థిరపడిపోయారు. ఒమాన్‌కు వెళ్లినవారిలో చాలామంది మాత్రం ఏదో ఒకనాడు స్వస్థలం చేరేవారే. అప్పుడు పిల్లలు తెలుగు తరగతిలో కూర్చోవలసి వస్తుంది. తెలంగాణలోనైతే పాఠశాలల్లో తెలుగు బోధనను తప్పనిసరి చేస్తూ 2018లో చట్టమే వచ్చింది. మస్కట్ ఇంట్లో ధారాళంగా తెలుగు మాట్లాడే అమ్మాయి ఆ వాచకం ముందు తడబడితే, తల్లిదండ్రులు ఆశ్చర్యపోతారు. విని నేర్చిన మాటల కోశం వేరు, చదివి నేర్చిన మాటల కోశం వేరు. రెండోది బడి పాఠాల వల్లనే పెరగాలి.

తెలియని మాటకు నిఘంటువు చూడమని పెద్దలు సులువుగా చెబుతారు. ఇంగ్లీషులో ఆ సలహా చాలావరకు పనిచేస్తుంది. తెలుగులో మాత్రం పుటలో కనిపించిన రూపం తరచుగా నిఘంటువులో దొరకదు. పిల్లలు వెతికి విసిగి, ఆ పుస్తకంలో ఏమీ ఉండదని నిశ్చయించుకుంటారు. చిక్కు ఇక్కడుంది గనుక దీని గురించి కొంచెం వివరంగా చెబుతాం.

'తల్లిదండ్రులు' అన్న మాట ప్రతి పిల్లవాడికీ తెలుసు. కాని 'దండ్రి' అని వెతికితే దొరకదు, 'తండ్రి' అని వెతకాలి. 'అన్నదమ్ములు'లో తమ్ములు, 'కూరగాయలు'లో కాయలు ఉన్నట్టే. వ్యాకరణంలో దీనికి గసడదవాదేశమని పేరు: క, చ, ట, త, పల స్థానంలో గ, స, డ, ద, వలు వస్తాయి. సూత్రం వల్లె వేయించడం వృథా అని మా అభిప్రాయం. తెలిసిన మాటల్లో దీన్ని చూపిస్తే చాలు, తెలియనివాటి దారి పిల్లలకే దొరుకుతుంది. పద్యంలో 'పాలువోసి' అని ఉంటే 'వోయు' కోసం కాక 'పోయు' కోసం వెతుకుతారు. 'ఊరెల్ల' అని ఉంటే ఊరును విడదీసి 'ఎల్ల' చూస్తారు.

విభక్తి చేరినప్పుడు నామమే రూపు మారుతుంది. ఇంటికి అంటే ఇల్లు, కంటికి అంటే కన్ను, నోటికి అంటే నోరు. 'ఏటికి' మరీ పెంకిది. ఏటికి ఎదురీదినవాడి కథలో అది ఏరు. ఏటికి ఒకసారి వచ్చే పండుగ గురించిన పాఠంలో అది ఏడు, అంటే సంవత్సరం. వాక్యం మొత్తం చదవనిదే ఏ మాట చూడాలో తెలియదు. క్రియలు ఇంకా దూరం నడుస్తాయి: రండి, రాలేదు, వచ్చాడు అన్నీ 'వచ్చు' కింద ఉంటాయి. పట్టుబడడానికి కొన్ని నెలలు పట్టినా తొందరపెట్టకండి.

ఏ నిఘంటువు చూడాలి? నేటి పాఠాలకు 1991లో వెలువడిన గ్విన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అనుకూలం. పద్యాలకు 1885 నాటి శబ్దరత్నాకరం ఉంది. అందులో పొలం, పుస్తకం వంటివి పొలము, పుస్తకము అని ఉంటాయని ముందే చెప్పాలి. 1852లో వచ్చిన బ్రౌన్ నిఘంటువు వాడుక మాటలకు ఇప్పటికీ గని. పాత నిఘంటువులను ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఉచితంగా వెతకవచ్చు.

బ్రౌన్ నిఘంటువు ఒమాన్ పిల్లలకు మరో విధంగా పనికొస్తుంది. కొన్ని మాటల పక్కన హిందుస్తానీ మాట అని ఆయన గుర్తు పెట్టాడు. వాటిలో ఎన్నో అసలు అరబ్బీవి. నిఘంటువు ఆగిన చోటి నుంచి మస్కట్ పిల్లవాడు ఒక అడుగు ముందుకు వేయగలడు. దుకాణం, కలం, హక్కు అతనికి వీధిలోనూ వినిపిస్తాయి. ఒమాన్ పటంలో పడమటి అంచున కనిపించే రబ్ అల్ ఖాలీ ఎడారి పేరులోని ఖాలీయే మన ఖాళీ. కొన్ని మాటలు మన దగ్గరికి వచ్చి అర్థం మార్చుకున్నాయి. అరబ్బీలో ప్రశ్న అయిన సుఆల్ తెలుగులో సవాలు అయి తొడగొట్టింది. అక్కడ ఖర్జూరం కూరిన తీపి వంటకానికి మామూల్ అని పేరు, ఇక్కడ మామూళ్లు వేరే రకం తీపి! రైతు, జిల్లా, తారీఖు కూడా ఆ దారిన వచ్చినవేనని తెలిస్తే, పాఠంలోని మాట పరాయిదన్న బెదురు తగ్గుతుంది.

పల్లె మాటల సంగతి వేరు. వాగు, తూము, నారుమడి వంటి మాటలకు నిఘంటువు అర్థం చెప్పినా ఎడారి దేశపు పిల్లలకు బొమ్మ కట్టదు. అలాంటప్పుడు వారు చూసినదాన్నే చూపించాలి. వాన పడినప్పుడు మాత్రమే పొంగే వాదీని చూసినవారికి వాగు అర్థమవుతుంది. నిజ్వాలో ఫలజ్ దారిస్ కాలువను చూసినవారికి, నీటిని తోటలకు వంతులవారీగా వదిలే చోటు చూపించి 'ఇలాంటిదే చెరువు గట్టు కింద ఉంటే తూము' అనవచ్చు. ఒమాన్‌లోని ఐదు ఫలజ్‌లు 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. మా కూలీ పూర్వులు దిగిన పోర్ట్ లూయీ ఆప్రవాసీ ఘాట్ కూడా ఆ ఏడే చేరింది.

ప్రతి మాటకూ నిఘంటువు తెరిపిస్తే పాఠం చచ్చిపోతుంది. మొదట ఆగకుండా ఒకసారి చదవనివ్వండి. సందర్భాన్ని బట్టి ఊహించనివ్వండి. రెండోసారి చదివేటప్పుడు ఐదు మాటలు ఎంచుకుంటే చాలు. నోటుపుస్తకంలో పాఠంలోని రూపం, నిఘంటువులోని రూపం, ఆ వాక్యం, ఆ తర్వాత పిల్లలు సొంతంగా కూర్చిన వాక్యం రాయించండి. చివర ఒక గడి ఖాళీగా ఉంచి, వారాంతంలో ఊరికి ఫోను చేసినప్పుడు 'అమ్మమ్మా, దీన్ని మీరేమంటారు?' అని అడిగించండి. ఒకరింట్లో సొరకాయ అని, పక్కింట్లో ఆనపకాయ అని జవాబు వస్తుంది. కరీంనగర్ పిల్లలు, కాకినాడ పిల్లలు ఒకే మెట్ల మీద ఆడుకునే మస్కట్ భవనాల్లో ఈ రెండు మాటలూ ఒకే పుస్తకంలోకి చేరడం కష్టం కాదు.