పరిశోధకుని ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్క్: ఉమ్మడి నిల్వ, భద్రతా పర్యవేక్షణ

వ్యాససంగ్రహం:
తాళపత్రాల ఛాయాచిత్రాలు, క్షేత్రపర్యటనల ధ్వనిముద్రణలు, సిద్ధాంతవ్యాసాల చిత్తుప్రతులు నేడు చాలామంది పరిశోధకుల ఇళ్లలోని డిస్కుల్లో ఉంటున్నాయి. అదే ఇంట్లో టీవీ, సీసీ కెమెరాలు, అతిథుల ఫోన్లు కూడా అదే వై-ఫైకి అనుసంధానమై ఉంటాయి. పరిశోధనసామగ్రిని ఇంట్లో అందరికీ అందుబాటులో ఉంచుతూనే నష్టపోకుండా కాపాడుకునే నెట్‌వర్క్ అమరికను ఈ వ్యాసం వివరిస్తుంది. ఏ పరికరం దేనిని చేరగలదో ముందుగా నిర్ణయించుకోవడమే ఆ అమరికకు మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వై-ఫై, ఉమ్మడి నిల్వ, బ్యాకప్, సీసీ కెమెరా, ర్యాన్సమ్‌వేర్, పరిశోధనసామగ్రి.

1. ఉపోద్ఘాతం

ఒక ఒగ్గు కథకుని కథనాన్ని క్షేత్రంలో రికార్డు చేసిన పరిశోధకునికి ఆ ధ్వనిముద్రణే ఆకరం. ఆ కథకుడు గతించిన తరువాత అది మళ్లీ దొరకదు. ముద్రిత గ్రంథం పోతే మరొక గ్రంథాలయంలో వెదకవచ్చు. క్షేత్రసామగ్రి పోతే సిద్ధాంతవ్యాసంలోని ఉదాహరణలకు ఆధారమే మిగలదు.

ఇటువంటి సామగ్రి సాధారణంగా లాప్‌టాప్‌లో కొంత, పెన్‌డ్రైవ్‌లో కొంత, ఫోన్‌లో కొంతగా చెదిరి ఉంటుంది. దానినంతా ఒకచోట చేర్చి, ఇంట్లోని ఏ గదినుండైనా తెరిచే వీలు కల్పించేదే ఉమ్మడి నిల్వ. అయితే సామగ్రి ఒకచోట చేరినప్పుడు సౌకర్యంతోపాటు ప్రమాదం కూడా అక్కడే చేరుతుంది. అందువల్ల పరికరాల ఎంపికకన్నా ముందు సామగ్రి స్వరూపాన్ని, పరిమాణాన్ని తెలుసుకోవడం అవసరం.

2. సామగ్రి పరిమాణం

ఏ4 పరిమాణంలోని ఒక పుటను అంగుళానికి 300 బిందువుల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే, కుదింపు లేని ఫైలు దాదాపు 26 మెగాబైట్లు అవుతుంది. అటువంటి 300 పుటల ప్రతికి సుమారు 8 గిగాబైట్ల చోటు కావాలి. సెకనుకు 48,000 నమూనాలతో, 24 బిట్లతో, రెండు ఛానెళ్లలో చేసిన ధ్వనిముద్రణకు గంటకు ఒక గిగాబైటుకు కొంచెం పైగా పడుతుంది. 100 గంటల మౌఖికకథనాలు, 50 ప్రతుల ఛాయాచిత్రాలు ఉన్న పరిశోధకునికి దాదాపు 500 గిగాబైట్ల నిల్వ అవసరమవుతుంది. భవిష్యత్సేకరణను దృష్టిలో ఉంచుకుంటే 2 టెరాబైట్లు చాలు.

సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో నిరంతరం రికార్డు చేసే ఒక్క సీసీ కెమెరా రోజుకు 21.6 గిగాబైట్లను, 30 రోజులకు దాదాపు 650 గిగాబైట్లను ఆక్రమిస్తుంది. అంటే పరిశోధకుని జీవితకాల సేకరణకన్నా ఒక నెల గేటు దృశ్యాలే ఎక్కువ చోటు తీసుకోగలవు. ఈ రెండింటినీ ఒకే డిస్కులో ఉంచరాదనడానికి ఇది మొదటి కారణం.

3. వైర్‌లెస్ వ్యవస్థ

వై-ఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల వినియోగానికి 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. 5 గిగాహెర్ట్జ్ పట్టీలో మినహాయింపు 2018లో విస్తృతమైంది. మొదటిది గోడలను దాటి కొంత దూరం పోగలదు. కానీ అందులో ఒకదానితో ఒకటి కలవని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే కావడంతో అపార్ట్‌మెంట్లలో రద్దీ ఎక్కువ. రెండవది వేగవంతమైనది, కానీ ఇటుకగోడల వద్ద, కాంక్రీటు శ్లాబు వద్ద త్వరగా బలహీనపడుతుంది. కనుక రౌటర్‌ను ఇనుప బీరువా వెనుక కాక ఇంటి మధ్యభాగంలో, కొంత ఎత్తున అమర్చాలి. పై అంతస్తుకు కేబుల్ వేసి అక్కడ మరొక యాక్సెస్ పాయింట్ పెట్టడం ఉత్తమం. నిల్వ పరికరాన్ని మాత్రం వై-ఫైతో కాక కేబుల్‌తోనే రౌటర్‌కు కలపాలి.

వై-ఫై తొలి రక్షణ పద్ధతియైన వెప్‌లోని లోపాలను 2001లోనే పరిశోధకులు నిరూపించారు. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2 వచ్చాయి. డబ్ల్యూపీఏ2లోనూ 2017లో ఒక లోపం బయటపడింది. 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చింది. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3ను, పాత పరికరాలుంటే ఏఈఎస్‌తో కూడిన డబ్ల్యూపీఏ2ను ఎంచుకోవాలి. డబ్ల్యూపీఏ2లో అనుసంధాన సమయపు సంకేతాలను పట్టుకున్నవారు పాస్‌వర్డ్‌ను తమ కంప్యూటర్‌లో తీరికగా ఊహిస్తూ పోవచ్చు. కాబట్టి ఫోన్ నంబరు, పిల్లల పేర్లు కాక, పరస్పరసంబంధం లేని నాలుగైదు పదాల పొడవైన పాస్‌వర్డ్ కావాలి. రౌటర్ అమరికలను మార్చేందుకు వాడే పాస్‌వర్డ్ వేరొకటి. దానిని కూడా కొన్ననాడే మార్చాలి.

తరువాతి దశ విభజన. పరిశోధకుని కంప్యూటర్లు, నిల్వ పరికరం ఒక వర్గం. టీవీ, అతిథుల ఫోన్లు రెండవ వర్గం. కెమెరాలు మూడవ వర్గం. అనేక రౌటర్లలో ఉండే గెస్ట్ నెట్‌వర్క్ సదుపాయంతో రెండవ వర్గాన్ని వేరుచేయవచ్చు. మూడవ వర్గాన్ని కూడా వేరుచేయాలంటే వీల్యాన్ సదుపాయం గల రౌటర్ అవసరం. ఒక పరికరం పరాధీనమైతే దాని నుండి ఇంకేమి చేరవచ్చు అన్న ప్రశ్నకు ఈ విభజనే సమాధానం.

4. ఉమ్మడి నిల్వ

నెట్‌వర్క్ నిల్వ పరికరంలో సాధారణంగా రెండు డిస్కులను అమర్చి, ఒకదానిలో రాసినది రెండవదానిలోనూ ఏకకాలంలో రాసేటట్లు చేస్తారు. ఈ విధమైన డిస్కుల అమరికలను బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌లు 1988 నాటి పత్రంలో రెయిడ్ అనే పేరుతో వర్గీకరించారు. ఒక డిస్కు చెడిపోయినా పని ఆగకుండా ఉండడం దీని ప్రయోజనం. కానీ పొరపాటున ఒక ఫోల్డర్‌ను తొలగిస్తే అది రెండు డిస్కుల నుండీ ఒకేసారి పోతుంది. కనుక జంట డిస్కులను బ్యాకప్‌గా పరిగణించరాదు.

కుటుంబంలో ప్రతి ఒక్కరికీ వేర్వేరు ఖాతాలుండాలి. మూలసామగ్రి ఉన్న ఫోల్డర్‌ను నిత్యం వాడే ఖాతాకు చదివేందుకు మాత్రమే తెరవాలి. కొత్తసామగ్రిని చేర్చేందుకు మరొక ఖాతాను వాడాలి. ఫైళ్లను పంచుకునే ఎస్‌ఎంబీ పద్ధతి తొలి రూపాన్ని నిలిపివేయాలి. కరెంటు పోయినప్పుడు రాత మధ్యలో ఆగి ఫైళ్లు పాడవకుండా నిల్వ పరికరానికి యూపీఎస్ అవసరం.

తెలుగు పరిశోధకులు గమనించవలసినవి మరి రెండున్నాయి. యూనికోడ్‌లో ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ నిల్వచేయవచ్చు. చూపునకు ఒకటిగానే ఉన్న ‘శైలి’ అనే ఫైలుపేరును కొన్ని వ్యవస్థలు రెండు వేర్వేరు పేర్లుగా పరిగణించవచ్చు. అందువల్ల మూలప్రతుల ఫైళ్లకు తేదీ, క్రమసంఖ్యలతో కూడిన పేర్లుంచి, తెలుగు వివరాలను వేరొక పట్టికలో రాయడం మేలు. ఇక పాత అను ఫాంట్లలో టైపు చేసిన రచనలు ఆ ఫాంటు లేనిచోట అక్షరాలుగా కనిపించవు. వాటి మూలఫైలుతోపాటు యూనికోడ్ ప్రతిని, పీడీఎఫ్‌ను కూడా భద్రపరచాలి.

5. నకళ్లు: ఎన్ని, ఎక్కడ

సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల నుండి పలు ప్రతులను తెప్పించి పండితులచేత పరిష్కరింపజేశాడు. ప్రతులు వేర్వేరు ఇళ్లలో నిలిచి ఉండబట్టే అది సాధ్యమైంది. నేటి బ్యాకప్ సూత్రం కూడా ఇదే. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటికి వెలుపల అన్నది బహుళప్రచారంలో ఉన్న నియమం. దీనికి మరొకటి చేర్చాలి. ఒక ప్రతి ఏ నెట్‌వర్క్‌కూ కలిపి ఉండరాదు.

దీని అవసరాన్ని 2017 మే నెలలో వ్యాపించిన వన్నాక్రై ర్యాన్సమ్‌వేర్ చూపింది. అది ఎస్‌ఎంబీ తొలి రూపంలోని లోపం ద్వారా ఒక కంప్యూటర్ నుండి మరొకదానికి పాకి, ఫైళ్లను తెరవడానికి వీలులేకుండా చేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలైంది. 2022 జనవరిలో వ్యాపించిన డెడ్‌బోల్ట్ ఇంటర్నెట్‌కు నేరుగా తెరిచి ఉన్న నిల్వ పరికరాలనే లక్ష్యం చేసుకున్నది. కనుక నెలకొకసారి ఎక్స్‌టర్నల్ డిస్కును కలిపి, నకలు తీసి, మళ్లీ విడదీసి బీరువాలో పెట్టడం సాధారణంగా కనిపించినా దృఢమైన రక్షణ. ఇంటి వెలుపలి ప్రతిని విభాగంలోనో, బంధువుల ఇంటనో సంకేతీకరించి ఉంచవచ్చు. మూడు నెలలకొకసారి కొన్ని ఫైళ్లను నకలు నుండి తెరిచి చూడాలి. తెరుచుకోని నకలు ఉన్నా లేనట్లే.

6. భద్రతా పర్యవేక్షణ

పర్యవేక్షణ రెండు విధాలు: ఇంటిది, నెట్‌వర్క్‌ది. మొదటిదానికి వాడే కెమెరాయే రెండవదానికి బలహీనస్థానం కాగలదు. 2016లో మిరాయ్ అనే దుష్టప్రోగ్రాము తయారీనాటి పాస్‌వర్డులను మార్చని కెమెరాలను, రికార్డర్లను వశపరచుకున్నది. ఆ పరికరాల ద్వారా ఆ యేడు అక్టోబరు 21న డైన్ సంస్థ సేవలపై జరిగిన దాడితో అనేక ప్రసిద్ధ వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు అందకుండా పోయాయి.

అందువల్ల కెమెరా పాస్‌వర్డ్‌ను వెంటనే మార్చి, అది ఇంటర్నెట్‌కు పోకుండా రౌటర్‌లో అడ్డుకొని, దృశ్యాలను ఇంట్లోని ప్రత్యేక రికార్డర్‌లోనే నిల్వచేయాలి. పరికరాలు తమంతట తామే దారులు తెరుచుకునే యూపీఎన్‌పీ సదుపాయాన్ని రౌటర్‌లో నిలిపివేయాలి. ఊరికి వెళ్లినప్పుడు కెమెరాను గాని, ఫైళ్లను గాని చూడాలంటే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ ద్వారా రావాలి. కెమెరా చూపు తమ గేటుకు, మెట్లకు పరిమితమై ఉండాలి. వ్యక్తిగత గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో తీర్పునిచ్చింది. పొరుగింటి వాకిలి, అద్దెకున్నవారి గది కెమెరాలో పడకుండా చూడడం ఆ స్ఫూర్తికి అనుగుణం.

నెట్‌వర్క్ పర్యవేక్షణకు ఖరీదైన సాధనాలు అవసరం లేదు. రౌటర్‌కు కలిసిన పరికరాల జాబితాను వారానికొకసారి చూసి, తెలియనిదాన్ని తొలగించాలి. విఫలమైన లాగిన్‌లు, డిస్కు ఆరోగ్యహెచ్చరికలు ఈమెయిల్‌కు చేరేటట్లు నిల్వ పరికరాన్ని అమర్చాలి. తక్కువ సమయంలో వందలాది ఫైళ్లు మారినట్లు కనిపిస్తే ముందుగా నిల్వ పరికరపు కేబుల్‌ను తీసివేసి, ఆ తరువాతే కారణాన్ని వెదకాలి.

7. ముగింపు

పై చర్చ నుండి ఈ అంశాలు తేలుతున్నాయి.

- నెట్‌వర్క్ అమరిక సామగ్రి పరిమాణం, విలువల అంచనాతో మొదలుకావాలి.
- పరిశోధనసామగ్రి, అతిథుల పరికరాలు, కెమెరాలు వేర్వేరు విభాగాల్లో ఉండాలి.
- జంట డిస్కులు పని ఆగకుండా చూస్తాయి. సామగ్రిని నిలిపేది మాత్రం విడిగా ఉంచిన నకలే.
- నిల్వ పరికరాన్ని, కెమెరాను ఇంటర్నెట్‌కు నేరుగా తెరవరాదు.

ఈ ఏర్పాట్లలో ఎక్కువభాగం ఉన్న రౌటర్‌తో, అదనంగా ఒక్క డిస్కుతో ప్రారంభించదగినవే. వాటిలో మొదట చేయవలసింది విడిగా ఉంచే నకలు తీయడం. మిగిలిన అమరికలు ఆలస్యమైనా, ఆ నకలు ఉన్నంతవరకు గతించిన కథకుని గొంతు పరిశోధకునికి మిగిలే ఉంటుంది.