ఒకే పట్టాలమీద రెండు రైళ్లు



కిందటి వేసవి సెలవులలో ఒక సాయంత్రం రైలుదారిలో పనిచేసే పెద్దమనిషి ఒకరు అంగళ్లులోని మా ఇంటికి వచ్చారు. జేబులోనుండి ఒక రూపాయి బిళ్ళ తీసి మా చేతిలో పెట్టారు. అది రేకులాగా పలచబడి ఉంది. "అయ్యగారూ, మీ అబ్బోడూ ఇంకో ముగ్గురు పిల్లోళ్లూ కురబలకోట దగ్గర రైలు కట్టమీద ఇవి పెట్టి ఆడుకుంటా ఉండారు. ఈ తూరికి చెప్పి పోతా ఉండా" అని, మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పట్టాలమీదికి అనుమతి లేకుండా వెళ్లడం రైల్వే చట్టం ప్రకారం నేరం. అది అటుంచి, జరగరానిది జరిగితే ఆ నలుగురు తల్లుల ముఖం ఎలా చూడగలం? ఆ నలుగురూ మా సండేస్కూలు పిల్లలే. ఉదయాన్నే నలుగురినీ పిలిచి గట్టిగా మందలించాము. అయితే రైలు కూత వినబడగానే మా కుమారుడు అన్నం ముందునుండి లేచి మిద్దె ఎక్కడం మానలేదు. ఇష్టాన్ని తిట్టి పోగొట్టలేమని అప్పుడు తెలిసింది. అందుకే రైలునే ఇంటికి తెద్దామని అనుకొన్నాము.

రైలు పిచ్చి వాడికి ఎవరినుండి వచ్చిందో చెప్పక తప్పదు. పాకాల, ధర్మవరం మధ్య మీటరుగేజి ఉన్న రోజులలో మేమూ ఆ బండిలో ఊగుతూ తిరిగినవాళ్లమే. 2010 ప్రాంతంలో అది బ్రాడుగేజి అయింది. కుప్పం వాళ్లకు బెంగళూరు, చెన్నై బండ్లు ఇంటిముందు పోయినట్లే. పుంగనూరు వాళ్లకు ఆ భాగ్యం లేదు. అక్కడి పిల్లలు మా ఇంటికి వస్తే మొదట అడిగేది రైలు గురించే.

మొదట అంగడిలో దొరికే బ్యాటరీ రైలు తెచ్చాము. వారం రోజులు ఆడి విసిగిపోయారు. తరువాత బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావమరిది ఎవరో వాడి అమ్మేసిన విదేశీ సెట్టు ఒకటి తెచ్చి ఇచ్చాడు. దానిలో రెండు ఇంజన్లు, ఆరు పెట్టెలు, గుండ్రంగా కలిసే పట్టాలు ఉన్నాయి. అది హెచ్.ఓ. అనే కొలతది, అంటే అసలు రైలులో 87వ వంతు. పట్టాల మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. ఇంకా చిన్నది ఎన్ కొలత. అది 160వ వంతు, పట్టాల ఎడం 9 మిల్లీమీటర్లు. ఈ పట్టాలు పాశ్చాత్య దేశాల గేజికి సరిపడేటట్లు చేసినవి. మన బ్రాడుగేజి 1676 మిల్లీమీటర్లు కనుక, హెచ్.ఓ. లెక్కన 19 మిల్లీమీటర్లకు పైగా రావాలి. ఈ తేడా మా అబ్బాయే లెక్కవేసి చెప్పాడు. పరీక్షలో భాగహారం తప్పేవాడు దీనిని తప్పలేదు!

హెచ్.ఓ. సెట్టుకు 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు ప్లైవుడ్ పలక కావాలి. అంటే ఇంట్లో మంచంకన్నా కాస్త పెద్దది. చోటు లేనివారు ఎన్ కొలత తీసుకొంటే రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు చాలు. మేము పలకకు చెక్క కాళ్లు బిగించి, పని లేనప్పుడు గోడకు ఆనించేటట్లు చేసుకొన్నాము.

కష్టం రెండవ ఇంజనుతో మొదలైంది. మామూలు పద్ధతిలో పట్టాలలో ప్రవహించే కరెంటే బండిని నడుపుతుంది. పెట్టెమీది మీట తిప్పితే సుమారు 12 వోల్టుల వరకు పెరుగుతుంది, బండి వేగం అందుకొంటుంది. రెండు తీగలు తారుమారైతే వెనక్కు నడుస్తుంది. పట్టాలమీద రెండు ఇంజన్లు ఉంటే? రెండూ కదులుతాయి. ఆపితే రెండూ ఆగుతాయి. ఒకటి కొంచెం వేగం గలది కావడంతో రెండు చుట్లు తిరిగేలోగా ముందుదానిని వెనకనుండి గుద్దింది. "నాయనా, ఒకదాన్ని పిలిస్తే రెండూ ఎందుకు వస్తాయి?" అని మావాడు అడిగాడు. మా వద్ద జవాబు లేదు.

జవాబు చెప్పినవాడు ఇక్కడి ఇంజనీరింగు కాలేజీలో చదివే మా సంఘపు యువకుడు. డిజిటల్ కమాండ్ కంట్రోల్, పొట్టిగా డి.సి.సి. అనే పద్ధతి ఉన్నదన్నాడు. 1980ల చివర జర్మనీలోని లెంజ్ సంస్థ తయారుచేసిన విధానాన్ని ఆధారం చేసుకొని, అమెరికాలోని నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ 1990లలో దానిని ప్రమాణంగా చేసింది. ఇందులో పట్టాలలో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. అయితే దాని దిక్కు సెకనుకు వేలసార్లు మారుతుంది. ఆ మారే తీరులోనే ఆజ్ఞ దాగి ఉంటుంది. మార్పు 58 మైక్రోసెకన్లలో వస్తే ఒకటి అని, 100 మైక్రోసెకన్లు పడితే సున్న అని అర్థం. ప్రతి ఇంజను కడుపులో డీకోడరు అనే చిన్న బిళ్ళ ఉంటుంది. దానికి ఒక నంబరు ఉంటుంది. కొత్త డీకోడరు సాధారణంగా 3వ నంబరుతో వస్తుంది, దానిని మనం మార్చుకోవచ్చు. ఆజ్ఞలో మొదట నంబరు, తరువాత చేయవలసిన పని, చివర సరిచూసుకొనే లెక్క వస్తాయి. నంబరు తనది కాకపోతే ఇంజను పట్టించుకోదు. లెక్క తప్పితే ఆ ఆజ్ఞను వదిలేస్తుంది.

మన పల్లెల్లో గొర్రెల కాపరులను చూడండి. రెండు మందలు ఒకే కుంటలో నీళ్లు తాగుతుంటే కాపరి ఒక కేక వేస్తాడు, అతని గొర్రెలే కదులుతాయి. సరిగ్గా అదే సంగతి.

ఆజ్ఞలు పంపే యంత్రాలు కొంటే ఖరీదే. ఆర్డునో అనే చిన్న సర్క్యూటు పలకతో ఇంట్లోనే తయారు చేసుకొనే డి.సి.సి.-ఇ.ఎక్స్. పథకం ఉచితంగా దొరుకుతుంది. ఆ యువకుడు అదే చేసి ఇచ్చాడు. డీకోడర్లు మాత్రం విదేశాలనుండి తెప్పించవలసి వచ్చింది. ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. వంటింటి కప్పు కారుతున్నదని దాచిన డబ్బులో కొంత అమ్మగారికి చెప్పకుండా దీనికి వాడాము. మొదటి వాన కురిసినప్పుడు అన్నం గిన్నెలో చుక్కలు పడ్డాయి. ఆమె ఏమీ అనలేదు, రెండు రోజులు మాట్లాడనూ లేదు. మొదలుపెట్టేవారు ఒక గుండ్రని దారి, ఒక ఇంజను, మామూలు మీట పెట్టెతో ఒక సంవత్సరం గడపండి. పిల్లల ఇష్టం నిలిచి ఉంటే డిజిటల్ సంగతి ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోండి.

మరికొన్ని మాటలు. పలక కింద రెండు లావు తీగలు లాగి, కొన్ని అడుగులకొకసారి పట్టాలకు చిన్న తీగలతో కలపండి. పట్టాల అతుకులమీద ఆధారపడితే దూరాన బండి నీరసిస్తుంది. మా ఊరి ఎర్రదుమ్ము, టమోటా లారీలు లేపే దుమ్ము పట్టాలమీద చేరితే ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. ఐసోప్రొపైల్ స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవండి, గరుకు కాగితం వాడకండి. గోడనుండి వచ్చే 230 వోల్టుల వైపు మాత్రం పిల్లల చేతులు పోకూడదు.

డిజిటల్ అయ్యాక ఇక గుద్దుకోవని అనుకొన్నాము. మరింత గట్టిగా గుద్దుకొన్నాయి! యంత్రం చెప్పినట్లు చేస్తుంది, రెండు ఇంజన్లను ఎదురెదురుగా రమ్మంటే రెండూ వస్తాయి. ఎవరిని ఎప్పుడు పిలవాలో చూసుకొనేవారు వేరే ఉండాలి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర ఒక ప్యాసింజరును వెనకనుండి మరొకటి గుద్ది పదిమందికి పైగా చనిపోయిన వార్త ఇంకా మరచిపోలేదు. అసలు రైళ్లకు కాపలా లేదా అని పిల్లలు అడిగారు.

కవచ్ అనే ఏర్పాటు ఉంది. దక్షిణ మధ్య రైల్వేలో 2016 ఫిబ్రవరినుండి ప్రయాణికుల రైళ్లమీద దానిని పరీక్షించారు. 2020 జూలైలో దేశానికంతటికీ దానినే స్వీకరించారు. పట్టాల మధ్య బిగించిన ట్యాగులు ఇంజను ఎక్కడుందో చెబుతాయి. స్టేషనూ ఇంజనూ రేడియోలో మాట్లాడుకొంటాయి. ఎర్ర సిగ్నలు దాటబోతే డ్రైవరు వేయకపోయినా బ్రేకు పడుతుంది. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిడ్డ స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపినప్పుడు, రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను రెండవదానికి 380 మీటర్ల దూరంలో తానే ఆగింది. దేశంలోని దారులన్నిటికీ దానిని వేయడం మాత్రం పెద్ద పని.

మా పలకమీద కవచ్ లేదు. అందుచేత పిల్లలు పాతకాలపు ఉపాయం పెట్టారు. ఒంటి దారిలో పూర్వం స్టేషను మాస్టరు టోకెన్ ఇవ్వనిదే డ్రైవరు బండి కదిలించకూడదు. దానిని బెత్తపు చక్రానికి తగిలించి అందించేవారు. పిల్లలు అమ్మగారి పాత గాజు ఒకటి అడిగి తెచ్చుకొన్నారు. గాజు ఎవరి చేతిలో ఉంటే వారి ఇంజనే ఒంటి దారిలోకి వెళ్లాలి. ఆ నియమం వచ్చాక గుద్దుకోవడం దాదాపు ఆగిపోయింది. గాజు కోసం తగవులు మాత్రం ఆగలేదు.

థామస్ అనే ఇంజను కథలు వ్రాసిన విల్బర్ట్ ఆడ్రీ ఇంగ్లండులో ఒక సంఘ సేవకుడే. తట్టు పోసి పడుకొన్న కుమారునికి చెప్పిన కథలే 1945లో మొదటి పుస్తకమయ్యాయి. ఆయనకూ ఇంట్లో బొమ్మ రైలుదారి ఉండేది. ఈ మాట అమ్మగారికి చెప్పి చూశాము. "ఆయన వంటింటి కప్పు బాగుండిందేమో కనుక్కోండి" అన్నది. కప్పు పని పోయిన నెలలో పూర్తయింది.

శనివారం సాయంత్రం ఆరుగురు పిల్లలు వస్తున్నారు. వారిలో ఆ నలుగురూ ఉన్నారు. బిళ్ళ ఇచ్చి వెళ్లిన పెద్దమనిషి కూడా ఒకసారి వచ్చి, మా గేటు దగ్గర పట్టాల వంపు ఎక్కువైందని సరిచేసి పోయారు. కిందటి వారం గాజు తీసుకోకుండా మేమే ఇంజను కదిలించాము. పిల్లలు మా చేతిలోని మీట పెట్టె లాక్కొని, ఆ సాయంత్రమంతా మమ్మల్ని గేటుమనిషిగా కూర్చోబెట్టారు.