బల్ల లేని బిలియర్డ్సు

టెలివిజనుకు తగిలించి ఆడుకొను ఆటపెట్టె నేడు మన యిండ్లలో తఱచుగా కనబడుచున్నది. దీనిని కన్సోలు అందురు. పిల్లవాడు దాని ముందు కూర్చుండగనే చదువు పాడగుచున్నదని తల్లి కోపించుటయు, కొన్నాళ్లకు తానే విసిగి మానునని తండ్రి ఊరకుండుటయు సామాన్యము. ఆ పెట్టెలో ఏమి జరుగుచున్నదో ఎఱుగక వలదనుటయు, సరే యనుటయు చీకటిలో రాయి విసరుట వంటివే. కావున ఒక్క ఆటను గైకొని, దాని లోపలి సంగతిని తల్లిదండ్రులకు వివరింప దలచితిని.

ఆ ఆట పేరు లూనార్ బాల్. జపానులోని కంపైల్ అను సంస్థ దీనిని నిర్మించినది. 1985లో నింటెండో వారి ఫామికామ్ అను ఆటపెట్టెకు ఇది వచ్చినది. 1987లో అమెరికాలో లూనార్ పూల్ అను పేరుతో వెలువడినది. ఇది బిలియర్డ్సు జాతికి చెందిన ఆట. తెల్లబంతిని కొట్టి, దానిచే రంగుబంతులను గుంటలలో పడవేయవలెను. నిజమైన బల్ల దీర్ఘచతురస్రముగా నుండును. ఇందులోనో 60 బల్లలు గలవు, వాని ఆకారములు వేఱువేఱు. దీని తరువాత కంటికి మరింత ఇంపైన ఆటలు ఎన్నో వచ్చినవి. అయినను ఈ పాత ఆటలో లెక్క తేటగా కనబడును గనుక దీనినే యెన్నుకొంటిని.

ఆ పెట్టెలో బంతియు లేదు, బల్లయు లేదు; ఉన్నవి అంకెలు మాత్రమే. ఫామికామ్ పని చేయుటకు దాని లోపల నున్న జ్ఞాపకస్థానము 2,048 గడులు. ఒక్కొక్క గడిలో 0 మొదలు 255 వఱకు ఏదో యొక అంకె యుండును. బంతి యెక్కడ నున్నదో, ఏ దిక్కునకు ఎంత వేగముతో పోవుచున్నదో తెలుపునవి ఇట్టి అంకెలే. తెరమీది బొమ్మ సెకనుకు సుమారు 60 మారులు మారును. ఇట్టి ఆటలలో యంత్రము బంతి యున్న చోటికి దాని వేగమును కూడుచు, వేగమునుండి కొంత తీసివేయుచు పోవును. ఆ తీసివేతయే ఘర్షణము. రెండు బంతుల కేంద్రముల నడిమి దూరము బంతి వ్యాసమునకు సమానమైనప్పుడు అవి తాకినట్లు లెక్క.

తాకిన పిమ్మట ఏమి జరుగును? సమాన బరువు గల రెండు బంతులలో ఒకటి నిలిచి యుండగా రెండవది సూటిగా తాకినచో, వచ్చినది దాదాపు ఆగిపోవును, నిలిచినది కదలిపోవును. ఏటవాలుగా తాకినచో రెండును ఇంచుమించు లంబకోణముగా విడిపోవును. బల్ల యంచును తాకిన బంతి ఏ కోణమున వచ్చెనో దాదాపు ఆ కోణముననే మరలును. ఈ విషయము చిన్నది కాదు. కొరియోలిస్ అను ఫ్రెంచి గణితవేత్త 1835లో బిలియర్డ్సు బంతుల గతులపై ఒక గ్రంథమునే ప్రకటించెను.

లూనార్ బాల్‌లో మఱియొక విశేషము గలదు. ఆడువారు బల్ల యొక్క ఘర్షణమును తమ యిష్టము వచ్చినట్లు హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. మిక్కిలి తగ్గించినచో బంతి అంచునుండి అంచునకు తిరుగుచు చాలసేపటికి గాని నిలువదు. అడ్డగించు బలము లేనిచో కదలుచున్న వస్తువు అట్లే కదలుచుండునని న్యూటను 1687లో ప్రకటించిన నియమమును మన పిల్లలు తరగతిలో వల్లించుచున్నారు. వల్లించినది ఇచ్చట కంటికి కనబడును. కేరమ్ బల్లపై పొడి చల్లుట యెందులకో తెలిసిన పిల్లవానికి ఇది వెంటనే బోధపడును.

అయితే తెర చూపనిది చాల గలదు. పూల్ బంతి వ్యాసము సుమారు 57 మిల్లీమీటర్లు, బరువు సుమారు 170 గ్రాములు. అది గుడ్డమీద మొదట జారును, పిదప దొర్లును. దొర్లుచు వచ్చిన బంతి లంబకోణ నియమమునకు సరిగా లోబడదు. కఱ్ఱను పట్టు నేర్పు, వంగి నిలుచు నిలుకడ, దెబ్బలోని మెలకువ మీటలు నొక్కుటచే రావు. తెరపై గెలిచినవాడు బల్లపై గెలుచునని భ్రమింపరాదు.

కావున తల్లిదండ్రులకు మూడు మనవులు. మొదటిది: కొట్టుటకు ముందు బంతి యెక్కడికి పోవునో పిల్లవానిచే చెప్పింపుడు, తప్పినచో ఎందులకు తప్పెనో అడుగుడు. రెండవది: ఆ ప్రశ్నను కేరమ్ బల్లపై పరీక్షింపనిండు. కాయతో కాయను సూటిగా కొట్టినచో వచ్చిన కాయ దాదాపు నిలిచిపోవును. స్ట్రైకరు కాయకంటె దాదాపు మూడు రెట్లు బరువు గనుక అది ఆగక ముందునకు సాగును. ఈ భేదము వాడు తానే కనుగొనిన, మరువడు. మూడవది: ఆటకు వేళ ముందే నిర్ణయింపుడు, వేళ ముగియగనే పెట్టె కట్టివేయవలెను.

ఊహించి, కొట్టి, సరిచూచుకొను బాలుడు ఆటలోను చదువుచున్నాడు. ఊరక మీటలు నొక్కు బాలుడు కాలము పోగొట్టుకొనుచున్నాడు. వీరిద్దఱి చేతను ఉన్నది ఒకే పెట్టె. భేదము ప్రక్కన కూర్చుండి ప్రశ్న యడుగు పెద్దవారి వలన కలుగుచున్నది. ఆ పని పాఠశాల యొక్కటే చేయజాలదు.