పాత తుపాకి ఏ ఊరిది? చెప్పగలిగితే కొలువే!

మార్కాపురంలో పలకల పనిలో తలపండిన పెద్దలను చూసే ఉంటారు. రాయి పొర చూసి, తట్టి చప్పుడు విని దాని నాణ్యం చెప్పేస్తారు. అదే చూపు పాత వస్తువుల మీద పెడితే? మ్యూజియంలకు కావాల్సింది ఆ నైపుణ్యమే.

గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతం మైసూరు, నిజాం ఏలుబడులు చూసింది. 1800లో ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది. మరి ఇక్కడ ఒక చెకుముకి తుపాకి దొరికితే ఎవరు చేసినదని చెబుతారు?

గుర్తులు చదవండి

పులిచారల గుర్తు, పర్షియన్ అక్షరాలు ఉంటే టిప్పు కార్ఖానాల వైపు ఆలోచించాలి. హృదయం ఆకారపు ముద్ర కంపెనీది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది కాబట్టి, దాని ముద్ర ఉన్న గొట్టాన్ని అంతకుముందే పరీక్షించారనడం కుదరదు.

ఒక్క పేరునే నమ్మొద్దు

అమెరికాలోని పెన్సిల్వేనియాలో 18వ శతాబ్దంలో చేసిన పొడవాటి రైఫిళ్లే ఉదాహరణ. వాటిలో చాలావాటికి లాక్, అంటే నిప్పు రాజేసే భాగం, ఇంగ్లండ్ నుంచి తెప్పించిందే. దాని మీది పేరు చూసి తుపాకి మొత్తం ఆయనే చేశాడంటే తప్పులో కాలేసినట్టే. నిపుణులు గొట్టం మీది సంతకం, చెక్క మీది చెక్కడం, పక్కనుండే ఇత్తడి పెట్టె మూత ఆకారం కలిపి చూస్తారు. అవన్నీ ఒకే మాట చెబితేనే అది లాంకాస్టర్‌దా, మరో కౌంటీదా అని తేలుస్తారు. సంతకం లేకపోతే 'ఫలానా ప్రాంతపు పని కావచ్చు' అని ఆగిపోతారు. అలా ఆగడం కూడా నైపుణ్యమే.

ఏం చదవాలి?

డిగ్రీ తర్వాత నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో మ్యూజియాలజీ, కన్జర్వేషన్ ఉన్నాయి. కెమిస్ట్రీ వాళ్లకు కన్జర్వేషన్ బాగా నప్పుతుంది. గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ సంస్థ పీజీ డిప్లొమా ఇస్తోంది. ఆయుధాల సైన్సే ఇష్టమైతే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. అర్హతలకు తాజా నోటిఫికేషన్ చూసుకోండి. సీట్లు, పోస్టులు తక్కువే. పర్షియన్ లాంటి పాత భాష ఒకటి నేర్చుకుంటే పోటీలో ముందుంటారు.

ఈలోగా హైదరాబాద్ వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడండి. నోట్‌బుక్ పట్టుకుని ఒక్క తుపాకి ముందు అరగంట నిలబడండి.

ఒక హెచ్చరిక: ఇంట్లో పాత తుపాకి కనిపిస్తే ముట్టుకోవద్దు, లోపల మందు ఉండొచ్చు. పోలీసులకు చెప్పండి. ఎమరీ పేపర్‌తో మెరిపించే పని అసలే వద్దు. తుప్పుతో పాటు తయారీదారు పేరూ రాలిపోతుంది, ఆ తర్వాత ఎంత చదివినవారూ దాని ఊరు చెప్పలేరు.