రాగిరేకుల్లో మిగిలిన పాట

మన దేశపు పాత గొప్పతనం అనగానే సున్నా, ఆర్యభట, నలంద దగ్గర ఆగిపోతాం. నలంద గ్రంథాలయం కాలిపోయిందని బాధపడతాం కూడా. కాలిపోకుండా మిగిలిన ఒక గ్రంథాలయం మన తిరుమల కొండమీదే ఉందని చాలామందికి తెలీదు. అది మరీ ప్రాచీనమైనదేం కాదు, సుమారు 500 ఏళ్ల నాటిది. శ్రీవారి గుడిలో హుండీకి దగ్గర్లో ఉన్న చిన్న రాతి గది. పేరు సంకీర్తన భాండాగారం.

తాళ్లపాక అన్నమాచార్యులు 1424 నుంచి 1503 దాకా పాటలు కడుతూనే ఉన్నారు. మొత్తం 32,000 అని ఆయన మనవడు చిన్నన్న రాశాడు. అప్పట్లో పుస్తకమంటే తాటాకే. తాటాకుకి చెమ్మ పడదు, పురుగు పడుతుంది. కొన్ని తరాలకోసారి ఎవరో ఒకరు కూర్చుని మళ్లీ రాయాలి. రాసేవాళ్లు లేకపోతే పుస్తకం అక్కడితో సరి.

అందుకే కొడుకు పెదతిరుమలాచార్యులు పాటల్ని రాగిరేకుల మీద చెక్కించారు. రాగికి పురుగు పట్టదు. ఇనుములా తుప్పు పట్టి రాలిపోదు, పైన ఏర్పడే పొరే లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఖర్చు మాత్రం బాగా ఎక్కువ. పైగా తప్పు చెక్కితే డిలీట్ బటన్ లేదు!

ఈ రేకుల్లోని పాటల్ని 20వ శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పండితులు పరిష్కరించగా, టీటీడీ అచ్చువేసింది. దొరికినవి 32,000లో సగం కూడా లేవు. అయినా అవి వేలల్లో ఉన్నాయి.

కానీ ఒకటి పోయింది. ప్రతి పాట పైన రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. బాణీ పాడేవాళ్ల గొంతులోనే ఉండేది కాబట్టి వాళ్లతోనే వెళ్లిపోయింది. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కట్టినవే. మన భాషలో చెప్పాలంటే, ఫైల్ ఉంది, ప్లేయర్ లేదు.

ఇంకో సంగతి. పాట ఎలా కట్టాలో చెబుతూ అన్నమయ్య సంస్కృతంలో ఒక లక్షణ గ్రంథం రాశారు. అది దొరకలేదు. మనవడు చినతిరుమలాచార్యుడు చేసిన తెలుగు సంకీర్తన లక్షణం మాత్రం మిగిలింది. రెండో కాపీ విలువ అదీ.

ఒక కాలం గొప్పగా బతికిందని మనకి తెలిసేది, ఎవరో ఓపిగ్గా దాచిపెట్టినందువల్లే. మన ఇళ్లలో జేజిలు, అవ్వలు పాడే జోలపాటలు, నాటు పాటలు ఏ రేకుల మీదా లేవు. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఫోన్‌లో రికార్డ్ చేయండి. మాటలు రాసుకుంటే సరిపోదు, బాణీ కూడా కావాలి. చేశాక ఇంకో చోట ఒక కాపీ పెట్టండి.